అట్ట అగ్నిపర్వతాలు

పోయిన వారం ఒక స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్‌కు జడ్జీగా వెళ్లాను. పిలిచినవాళ్లు ఈ కాలమ్ చదవరని అక్కడికి వెళ్లాక అర్థమైంది. చదివేవాళ్లయితే థర్మోకోల్ సౌరకుటుంబాల మీద, స్కెచ్ పెన్ను ఛార్టుల మీద నాకున్న పాత పగ తెలిసి ఆ పని చేయకపోదురు. హాలు నిండా అగ్నిపర్వతాలే. పేపరు గుజ్జుతో ఒకటి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో ఇంకొకటి. ఎవరి తండ్రో తాపీమేస్త్రీ కాబోలు, ఒకటైతే ఏకంగా సిమెంటుతో. అన్నింటి నెత్తినా ఒక బొక్క, అందులో వంటసోడా, పక్కన ఎర్ర రంగు కలిపిన వెనిగర్ సీసా. జడ్జీ రాగానే పోయడం, బుస్సుమని నురగ పొంగడం, చప్పట్లు.

ఓ పాపను అడిగాను, "ఏంటమ్మా ఆ పొంగేది?"

"లావా సార్."

"లావా అంటే?"

"భూమి లోపలి మంట సార్."

"మరి పైకెందుకు వచ్చింది?"

"వెనిగర్ పోశాం కదా సార్!"

ఆ చివరి జవాబుకు వంక పెట్టలేం. తన ముందున్న ప్రయోగం ఆ పాపకు నేర్పింది అదే. ప్రైజు సిమెంటు కొండకిచ్చారు. నా మార్కులు ఏ బుట్టలో పడ్డాయో అడగలేదు.

అగ్నిపర్వతంలో ఏదీ మండదు. రాయి కరుగుతుంది. అది కూడా ఎక్కడపడితే అక్కడ కరగదు. భూమి పొట్టంతా లావాయే అనుకుంటారు పిల్లలు, కొందరు మాస్టార్లు కూడా. కానీ మన కాళ్ల కింద 2,900 కిలోమీటర్ల లోతు దాకా ఉన్నది దాదాపు అంతా గట్టి రాయే. వేడికి కొదవ లేదు, పైనున్న బరువే దాన్ని కరగనివ్వదు. ఆ రాయి మెల్లగా పైకి జరిగి ఒత్తిడి తగ్గిన చోట కొంత కరుగుతుంది. సముద్రపు అడుగు పలక ఖండం కిందికి దిగుతూ నీటిని మోసుకెళ్లిన చోట, ఆ నీటి వల్ల కొంత కరుగుతుంది. కరిగింది చుట్టూ ఉన్న రాయికన్నా తేలిక కనుక పైకి దారి చూసుకుంటుంది.

ఇంకో కోపం ఆ ఆకారం మీద. మన పిల్లవాడు గీసే అగ్నిపర్వతం ఎప్పుడూ జపాన్ క్యాలెండర్లోని ఫ్యూజీ. ఆదిలాబాద్ పత్తి చేలల్లోని నల్లరేగడి, వికారాబాద్ అనంతగిరి గుట్టల అడుగున ఉన్న నల్లరాయి, ఇవన్నీ 6.6 కోట్ల ఏళ్ల కిందటి లావా చలవే. దానికి కొండా లేదు, కొనా లేదు. నేలలోని పొడవాటి పగుళ్లలోంచి పొర మీద పొరగా పారి, ఇప్పటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర మిగిలి ఉంది. రాజమండ్రి దగ్గర కాతేరు క్వారీల్లోనూ అలాంటి రాయే. అది అటు దక్కన్ నుంచి వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందని కొందరు పరిశోధకుల మాట. ఆ స్కూలు ముంగిట పరిచిన కంకర కూడా ఆ నల్లరాయే, బసాల్టు. హాల్లోని ఏ కొండ పక్కనా అందులోంచి ఒక్క రాయి కనిపించలేదు.

మాది ఉరవకొండ వైపు. తొలకరి పడిందంటే వజ్రకరూరు చేలల్లో జనం నడుములు వంచి నేల వెతుకుతారు. ఈ మధ్య టీవీ వాళ్లు కూడా వస్తున్నారు. మా రోజుల్లో టీవీలు లేవు, ఆశ మాత్రం ఇంతే ఉండేది. మా హైస్కూల్ సైన్సు మాస్టారు ఒకసారి వాన వెలిసిన మర్నాడు మమ్మల్ని అక్కడికి తోలుకుపోయారు. సైకిల్ వెనక గోలీ సోడాల డబ్బా కట్టించారు. వజ్రం దొరికితే పండగకి అనుకున్నాం.

చేలో ఓ ముసలాయన గులకరాయి ఏదో ఎండకు పట్టుకుని చూస్తున్నాడు. మాస్టారు మా వైపు తిరిగారు. "ఒరేయ్ అబ్బీ, ఈ నేలకు వజ్రం యాడ నుంచి వచ్చె?"

"వానకు తేలింది సార్."

"వాన కడిగింది. పైకి తెచ్చిందెవరు?"

ఎవరికీ తెలీదు. మాస్టారు ఒక సోడా తీసి, ఎండకు పెట్టి చూపించారు. తేటగా ఉంది, ఒక్క బుడగ లేదు. బొటనవేలితో గోలీ నొక్కారు. కీచుమని, నురగ ఆయన మోచేతి దాకా కారింది. "ఈ గ్యాసు ఇప్పుడు పుట్టిందా, ముందే ఉందా?" అన్నారు. ముందే ఉందన్నాడు ఒకడు భయం భయంగా. "మరి కనపడలేదేం?" అందుకు ఎవరూ నోరు మెదపలేదు. ఇంకో సీసా నొక్కారు. మళ్లీ అదే ప్రశ్న. డబ్బాలో సోడాలు తగ్గుతున్నాయి, మా నాలుకలు ఎండుతున్నాయి. చివరికి ఒకడు, చదువులో వెనకబెంచీవాడే, "లోపల అదిమిపెట్టినారు సార్, అదిమేది పోతానే బుడగలై లేచింది" అన్నాడు. మాస్టారు ఆ సీసా వాడి చేతిలోనే పెట్టారు, తాగమని.

కరిగిన రాయిలోనూ అంతే. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్, గంధకపు వాయువులు దానిలో కరిగి ఉంటాయి. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, అవి బుడగలవుతాయి, ఆ బుడగలు ద్రవాన్ని ఎత్తుకొస్తాయి. రాయి పలుచన అయితే గ్యాసు తప్పుకుని పోతుంది, లావా మర్యాదగా పారుతుంది. హవాయి దీవుల్లో చూసేది అదే. సిలికా ఎక్కువై బంకగా ఉంటే బుడగలకు దారి దొరకదు, మొత్తం బద్దలై బూడిద అవుతుంది. వజ్రకరూరు నేలలోని అగ్నిపర్వతపు గొట్టాల్లోకి కరిగిన రాయి వజ్రాలను మోసుకుని వచ్చింది 150 కిలోమీటర్లకు పైబడిన లోతు నుంచి, చాలావరకు 110 కోట్ల ఏళ్ల కిందట. దారిలో నిదానిస్తే వజ్రం వజ్రంగా మిగలదు. గ్యాసు తోసుకు తెచ్చింది కనుకే ఆ వేగం. ఇదంతా ఆ చేను గట్టు మీద మాకు అర్థమైందని చెప్పను. ముందే ఉందా, ఇప్పుడు పుట్టిందా అన్న ప్రశ్న మాత్రం పట్టుకుంది. వెనిగర్ కొండలో గ్యాసు అప్పుడే పుడుతుంది, నా పేచీ అక్కడే.

కనుక ఈ అట్ట కొండలను బడుల్లోంచి వెళ్లగొట్టాలని రాసి సంతకం పెట్టాలి. ఆర్మెరో అడ్డొస్తోంది.

కొలంబియాలో నెవాడో డెల్ రూయిజ్ అనే మంచుకొండ ఉంది. 1985 నవంబరు 13 రాత్రి పేలింది. పేలుడు పెద్దదేం కాదు. నెత్తిన ఉన్న మంచు కొంత కరిగి, బూడిదతో, రాళ్లతో కలిసి బురదై లోయలు పట్టుకుని దిగింది. ఆర్మెరో ఊరు మునిగిపోయింది. సుమారు 23,000 మంది పోయారు. ఏ ఊరికి ముప్పుందో చూపే పటాన్ని శాస్త్రవేత్తలు అంతకు నెల ముందే తయారుచేశారు. అందులో ఆర్మెరో ఉంది. వివరణ సరైనదే, రంగులు వేసి మరీ ఇచ్చారు. ఎవరి కంటికీ ఆనలేదు.

ఆ తర్వాత ఫ్రెంచి దంపతులు మోరిస్, కాత్యా క్రాఫ్ట్ తాము ఏళ్ల తరబడి తీసిన దృశ్యాలు కూర్చి, అగ్నిపర్వతం మనిషిని ఎలా చంపుతుందో చూపే వీడియో తయారుచేశారు. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినటుబో కదలడం మొదలుపెట్టినప్పుడు దాని తొలి ప్రతిని అక్కడికి పంపారు. ఆ కొండ అంతకు ముందు పేలి దాదాపు 500 ఏళ్లు. అక్కడివాళ్లలో ముత్తాతలు కూడా చూడనిది. శాస్త్రవేత్తలు నోటితో చెప్పినప్పుడు నమ్మని అధికారులు, ఊళ్లవాళ్లు ఆ టేపు చూశాక కదిలారు. జూన్ 15న అది పేలింది, అదే రోజు తుపాను. తడిసిన బూడిద బరువుకు ఇళ్ల కప్పులు కూలి వందల మంది పోయారు. అయినా కనీసం 5,000 ప్రాణాలు దక్కాయని భూవిజ్ఞానుల లెక్క. ఆ మాట వినడానికి క్రాఫ్ట్ దంపతులు మిగల్లేదు. జూన్ 3న జపాన్‌లో ఉన్‌జెన్ కొండ విసిరిన నిప్పుబూడిద మబ్బులో, మరో 41 మందితో పాటు పోయారు.

ఆ వీడియో రాయి ఎందుకు కరుగుతుందో చెప్పదు. గ్యాసు ముందే ఉందా అని అడగదు. అదొక ప్రదర్శన, అంతే. నేను థర్మోకోల్‌ను తిట్టే నోటితోనే దాన్ని మెచ్చుకోక తప్పదు. కాబట్టి ఐదో తరగతిలో వెనిగర్ కొండ ఉండనివ్వండి, పొంగనివ్వండి. తప్పు కెమిస్ట్రీ కన్నా నన్నిప్పుడు ఎక్కువ బాధపెట్టేది దాని సాధుత్వం. ఆ నురగ పక్కనే నిలబడి చప్పట్లు కొట్టొచ్చు. లావాతో కూడా చాలాసార్లు నడిచి తప్పుకోవచ్చు. గంటకు వంద కిలోమీటర్లు దాటి దూకే బూడిద మబ్బుతో, అర్ధరాత్రి దిగే బురదతో అలా కుదరదు.

పై తరగతుల సోషల్, సైన్సు మాస్టార్లకు ఒక మనవి. అగ్నిపర్వతాలు ఎన్ని రకాలు, అవి ఏవి అన్న ప్రశ్నను ఈ ఏడాదికి పక్కన పెట్టండి. కొండ, లోయ, ఊరు ఉన్న పటం ఒకటి గీసి ఇచ్చి, రాత్రి పదకొండు గంటలకు మీరు ఆ ఊళ్లో ఉన్నారు, పైన కొండ పేలిందని తెలిసింది, ఎటు పరిగెత్తుతారు అని అడగండి. నదికి దూరంగా, మిట్ట వైపు అని రాసినవాడికి పూర్తి మార్కులు వేయండి.