‘పొగలేని మందు’: ఒక పేరు, ఒక పొరపాటు

పెనుగొలనులో ఒక ఉన్నత పాఠశాల విద్యార్థి నన్ను ఒక ప్రశ్న అడిగినాడు. “మాస్టారూ, పాత తుపాకి మందు పొగ పెడుతుంది, కొత్త మందు పొగ పెట్టదు. అంతే గదా తేడా? అయితే పాత తూటాలో కొత్త మందు నింపితే పొగ లేకుండా పేలుతుందా?” పొలాలకు అడవిపందుల బెడద ఉన్న ఊళ్లలో పాత తుపాకుల మాట వినని పిల్లవాడుండడు. కనుక ఈ ప్రశ్న వింత కాదు. నన్ను ఆశ్చర్యపరచినది వేరొకటి. ఆ పిల్లవాని నోటుపుస్తకములో ఈ వాక్యమున్నది: “పొగలేని మందు తుపాకి మందునకు మెరుగైన రూపము. దీనికి పొగ తక్కువ, శక్తి ఎక్కువ.” అతడు ఆ వాక్యమును నమ్మినాడు. దానినుండి తర్కబద్ధముగానే ఒక అపాయకరమైన నిర్ణయమునకు వచ్చినాడు. కాబట్టి తప్పు పిల్లవానిది కాదు, వాక్యానిది. ఇటువంటి వాక్యములు మన గైడులలోను, జనరంజక వ్యాసములలోను తరచు కనబడుతవి గనుక దీనిని కొంచెము పరీక్షింతము.

మొదట పేరు సంగతి. తెలుగులో ‘మందు’ అన్న మాట చాల బరువు మోయుచున్నది. జ్వరమునకు మందు, పురుగులకు మందు, తుపాకికి మందు, అన్నియు మందులే. ‘నల్లమందు’ అందామంటే ఆ మాట అభినికి చెల్లిపోయినది. ఒకే మాటతో పిలిచిన వస్తువులు ఒకే జాతివని మనస్సు అనుకొనును. కాని తుపాకి మందు మూడు పదార్థముల మిశ్రమము: పెట్లుప్పు, అనగా సురేకారము, 75 పాళ్లు, బొగ్గు 15, గంధకము 10. పొగలేని మందు అటువంటి మిశ్రమము కాదు. దానికి ముఖ్యపదార్థము నైట్రోసెల్యులోజ్ అను రసాయన సమ్మేళనము. మొదటిదానిలో మండు వస్తువు ఒక రేణువు, ఆమ్లజని నిచ్చు వస్తువు మరొక రేణువు. రెండవదానిలో రెండును ఒకే అణువులో ఇమిడియున్నవి. పైగా పొగలేని మందు పూర్తిగా పొగలేనిదీ కాదు, పొడి అయి తీరవలెననియు లేదు. 1889లో ఏబెల్, డ్యూవర్ అను శాస్త్రజ్ఞులు తయారుచేసిన కార్డైట్ సన్నని త్రాళ్లవలె ఉండెడిది. దాని పేరు అందుండియే వచ్చినది.

పొగ లేకపోవుట అబద్ధము కాదు. పాత మందు కాలగా మిగులు పదార్థములో సగానికి పైగా ఘనరూపమే. అదే పొగ, అదే గొట్టములో పేరుకొను మసి. కొత్త మందు దాదాపు అంతయు వాయువుగా మారును. ఈ భాగము నోటుపుస్తకములో సరిగానే ఉన్నది. కాని ఇది కంటికి కనబడు తేడా మాత్రమే. అసలు తేడా కంటికి కనబడదు.

ఇక ‘శక్తి ఎక్కువ’ అను మాట. ఒక గ్రాము పాత మందు సుమారు 3 కిలోజౌళ్ల వేడినిచ్చును, కొత్త మందు సుమారు 4. తేడా ఉన్నదిగాని, ఒక ఇనుపగొట్టమును చీల్చునంత తేడా కాదు. 1871లో బ్రిటిషు సైన్యము స్వీకరించిన మార్టినీ-హెన్రీ రైఫిలును తీసికొందము. ఇది ఒకసారికి ఒకే తూటా పెట్టి కాల్చునది. దాని తూటాలో పాత మందు 85 గ్రెయినులు, అనగా 5.5 గ్రాములు. గుండు 31 గ్రాములు, వేగము సెకనుకు సుమారు 410 మీటర్లు. విద్యార్థులు లెక్క కట్టవచ్చును: గుండుకు చేరిన శక్తి సుమారు 2,600 జౌళ్లు, మందులో ఉన్నది సుమారు 16,500. ఆరింట ఒక వంతు మాత్రమే గుండుకు దక్కినది. అందుచేత మందులో ఎంత శక్తి ఉన్నదన్నది ఒక్కటే ప్రశ్న కాదు. అది ఎంత త్వరగా, ఎంత ఒత్తిడితో వెలువడునన్నదే ప్రశ్న.

ఇక్కడనే ఆ రెండు మందుల స్వభావములు వేరగుచున్నవి. పాత మందు కాలు వేగము చుట్టునున్న ఒత్తిడితో కొంతమాత్రమే మారును. కొత్త మందు కాలు వేగము ఒత్తిడితోపాటు బాగా పెరుగును. ఒత్తిడి పెరిగిన మంట హెచ్చును. మంట హెచ్చిన ఒత్తిడి ఇంకను పెరుగును. ఈ చక్రమును అదుపులో ఉంచుటయే తయారీలోని నేర్పంతయు. 1846లో షోన్‌బైన్ నైట్రోసెల్యులోజును ప్రకటించినప్పుడు ఆ నేర్పు ఇంకను లేదు. మరుసటి సంవత్సరమే ఇంగ్లండులోని ఫేవర్షామ్ కర్మాగారము పేలిపోయి పలువురు మరణించినారు. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే చేసినదేమనగా, నారలుగా ఉన్న ఆ పదార్థమును జిగటముద్దగా మార్చి, రేకులుగా చేసి ముక్కలు కోయుట. రసాయనమదే, రూపము మారినది. అప్పటినుండి అది పైపొర నుండి లోపలికి క్రమముగా కాలసాగినది.

మందు మారిన తుపాకియు మారవలెననుటకు చరిత్రలో చక్కని నిదర్శనమున్నది. బ్రిటిషువారి .303 తూటా 1888లో పాత మందుతోనే వచ్చినది, 1891లో కార్డైటుకు మారినది. బరువులో సగముకంటె తక్కువ కార్డైటే గుండుకు మునుపటికంటె హెచ్చు వేగమునిచ్చినది. కాని ఆ వేడికి లీ-మెట్‌ఫర్డ్ రైఫిలు గొట్టములోని లోతులేని గాడులు త్వరగా అరిగిపోయినవి. 1895 నాటికి గాడుల ఆకారమునే మార్చి లీ-ఎన్‌ఫీల్డును తీసికొనిరావలసి వచ్చినది. సైన్యపు కొత్త రైఫిలుకే ఈ గతి పట్టినప్పుడు, అంతకు ముందుతరము గొట్టము మాట చెప్పనేల?

అమెరికా వంటి దేశములలో చట్టము అనుమతించిన మేరకు పాత రైఫిళ్లకు తూటాలు స్వయముగా నింపుకొనువారున్నారు. వారికి కలుగు ప్రమాదములకు మూలము తరచు పాత అలవాటే. పాత మందును కొలపాత్రతో కొలిచి, తూటాలో ఖాళీ లేకుండ నింపెడివారు. ఆ మందుకు ఖాళీయే ప్రమాదము. కొత్త మందును అదే కొలతతో నింపిన గొట్టము చీలును. సరియైన బరువు చాల తక్కువ గనుక, పెద్ద తూటాలో అది అడుగున కొంచెమే కనబడును. పొరపాటున రెండవసారి పోసినను తూటా నిండదు, తెలియదు. పాత మందు రెండుమార్లు పోసిన పొంగి పొరలిపోవును. ఒక మందు తన తప్పును తానే చూపును, ఒకటి దాచిపెట్టును. మన నోటుపుస్తకపు వాక్యము చెప్పవలసియుండి చెప్పని సంగతి ఇదియే.

చరిత్ర పాఠమునకును ఇదే కొరత. 17వ శతాబ్దిలో డచ్చివారు పులికాటులో తుపాకి మందు తయారుచేసినారు. సురేకారము, బొగ్గు, గంధకము దొరికినచోట పనివాండ్రు రోళ్లతోనే ఆ మందు నూరగలిగిరి. పొగలేని మందు అట్లు కాదు. దానికి ఆమ్లములు, యంత్రములు, పరీక్షాశాల కావలెను. మన దక్షిణాదిన దానికొరకు నీలగిరులలోని అరువంకాడులో 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో కార్డైటు కర్మాగారము వెలసినది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళము చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై వరుసగా దాడిచేసి తుపాకులతోపాటు తూటాలు కూడ తీసికొనిపోయినది. మన పాఠములు తుపాకులను వర్ణించును, తూటాలను మరచును. కర్మాగారపు తూటా అయిపోయిన తరువాత అడవిలో ఆ తుపాకి ఇనుపకడ్డీయే గదా.

కనుక నేను ఆ వాక్యమును ఇట్లు దిద్దింతును: “పొగలేని మందు వేరొక పదార్థము. ఒత్తిడి పెరిగినకొలది అది మరింత వేగముగా కాలును. అందుచేత దానికై తయారుచేసి, పరీక్షించిన తుపాకిలో తప్ప వాడరాదు.” పొగ సంగతి తరువాత చెప్పినను నష్టము లేదు.

ఉపాధ్యాయులు దీనిని బోధించుటకు మందుతో పనిలేదు. ఒకే బరువుగల కోడిగ్రుడ్డు పెంకులు రెండు తీసికొని, ఒకదానిని ముక్కగాను, రెండవదానిని పొడిగాను నిమ్మరసములో వేయించుడు. పొడి వెంటనే బుసబుస పొంగును, ముక్క మెల్లగా బుడగలు విడుచును. పదార్థమొక్కటే, మొత్తము వాయువొక్కటే, వేగము వేరు. వియే చేసిన పని సారాంశమంతయు ఈ రెండు గ్లాసులలో ఉన్నది.

ఆ పిల్లవానికి నేను చెప్పిన జవాబు ఒక్కటే: “నాయనా, పొగ లేకుండా పేలేది తూటా కాదు, తుపాకి.” లైసెన్సు లేకుండ తూటాలు తయారుచేయుట 1959 ఆయుధముల చట్టము ప్రకారము నేరమని కూడ చెప్పినాను. కాని చట్టమునకు భయపడి మానుటకంటె, కారణము తెలిసికొని మానుట మేలు. ఆ కారణమును సరియైన మాటలలో చెప్పుట పాఠము వ్రాయువాని బాధ్యత.