పొర విడదీసే చేతులు

పాత యాంప్లిఫయర్లు బాగుచేయడం నాకు ప్రాణం. నేనుండే కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో చుట్టూ చిప్‌ల డిజైన్ల మాటలే వినిపిస్తున్నా, వారాంతం వస్తే నా చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటుంది. యాంప్లిఫయర్ విప్పగానే ముందు చూసేది పవర్ ట్రాన్సిస్టర్ కిందున్న అభ్రకం రేకునే.

ఆ ట్రాన్సిస్టర్ లోహపు ఒళ్లంతా కలెక్టరే, అంటే కరెంటున్న భాగమే. దాని వేడి అల్యూమినియం హీట్‌సింక్‌లోకి దిగాలి, కరెంటు మాత్రం దిగకూడదు. మిల్లీమీటరులో పదో వంతు మందమైనా లేని రేకు ఈ రెండు పనులూ చేసిపెడుతుంది. రెండు వైపులా తెల్లటి పేస్టు పలుచగా రాసి బిగిస్తాను. రేకు చిరిగినా, కింద లోహపు రజను మిగిలినా షార్టే. అందుకే మీటరు పెట్టి చూశాకే కరెంటు ఇస్తాను.

ఇది మస్కోవైట్ అనే తెల్ల అభ్రకం. సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన దాని పొరలు గట్టివి. వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచే పొటాషియం అయాన్ల బంధం బలహీనం. ఒక్కో పొర మందం సుమారు ఒక నానోమీటరు. అంచున సూదిమొన దూర్చితే రేకు ఉల్లిపొరలా లేచి వస్తుంది. 500 డిగ్రీల సెల్సియస్ వేడినీ తట్టుకుంటుంది. అందుకే ఇస్త్రీపెట్టెల్లో, టోస్టర్లలో వేడెక్కే తీగను దీని మీదే చుట్టేవారు. ప్రయోగశాలల్లో టేపు అంటించి పైపొర లాగేస్తే, పరమాణువుల స్థాయిలో చదునైన తలం బయటపడుతుంది. దాని మీద డీఎన్‌ఏ పరిచి చూస్తారు.

ట్రాన్సిస్టర్లకు ముందున్న వాల్వు రేడియోల కాలంలో ప్రపంచానికి మేలైన అభ్రకం రేకు ప్రధానంగా భారతదేశం నుంచే వెళ్లేది. ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని గూడూరు, సైదాపురం గనుల అభ్రకానిది ఆకుపచ్చ ఛాయ. వాల్వు లోపల ఎలక్ట్రోడ్లను కదలకుండా నిలబెట్టింది అభ్రకమే. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రదేశాలు దీన్ని యుద్ధానికి అత్యవసర ఖనిజంగా చూశాయి. గనిలో రాతిధూళి పీల్చిన కూలీలు, కత్తితో పొర తర్వాత పొర విడదీసిన ఆడవాళ్లు లేకుండా ఆ రేకు లేదు. మచ్చ ఎక్కడుంది, పగులు ఎటు పోతోంది అన్నది వాళ్ల కంటికే తెలిసేది.

ఇక్కడ శాంటా క్లారాలో ఎలక్ట్రానిక్స్ చరిత్ర చెప్పేవాళ్లు 1968లో పుట్టిన ఇంటెల్‌ను తప్పక తలుస్తారు. గూడూరు పేరు ఎత్తేవాళ్లు అరుదు. ఇప్పుడు అభ్రకం బదులు సిలికోన్ ప్యాడ్లు వచ్చాయి, పని సులువైంది. అయినా రిపేరు నేర్చుకోవాలని వచ్చే పిల్లల చేతికి ముందు అభ్రకం రేకే ఇస్తాను. దాని గుణాలతోపాటు దాన్ని విడదీసిన వాళ్ల పనితనమూ చెబుతాను. ఎందుకంటే అది కూడా ఇంజనీరింగే.