పండగ పూట కుక్క సినిమా

కుక్క చనిపోయే సినిమాను క్రిస్మస్ రోజునే విడుదల చేయడం అమెరికాలో పాత సంగతి. వాల్ట్ డిస్నీ సంస్థ ‘ఓల్డ్ యెల్లర్’ను 1957 డిసెంబర్ 25న థియేటర్లకు పంపింది. సరిగ్గా 51 ఏళ్లకు, 2008లో అదే తేదీన ‘మార్లీ అండ్ మీ’ వచ్చింది. రెండూ ఇంటిల్లిపాదీ కలిసి చూడటానికి తీసినవే. రెండింట్లోనూ చివరికి కుక్క దక్కదు. సెలవు రోజున పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి, అందరూ కలిసి ఏడ్చి ఇంటికి రావడం అనే ఈ ఆనవాయితీ మీద తల్లిదండ్రుల్లో ఒక వాదన సెలవులు దగ్గరపడ్డప్పుడల్లా లేస్తుంది. ఈ వారమూ లేచింది. కథ ఎలా ముగుస్తుందో పిల్లలకు ముందే చెప్పాలా? చెప్పి తీరాలన్నది ఈ శీర్షిక పాత పట్టు.

ఆ పట్టుకు మూలం ‘ఓల్డ్ యెల్లరే’. ఫ్రెడ్ గిప్సన్ 1956లో రాసిన నవలను రాబర్ట్ స్టీవెన్సన్ దర్శకత్వంలో సినిమాగా తీశారు. కథా కాలం 1860ల చివర, స్థలం టెక్సస్. తండ్రి పశువుల్ని అమ్మడానికి దూరదేశం వెళతాడు. ఇంటి బాధ్యత ట్రావిస్ అనే కుర్రవాడి మీద పడుతుంది. ఎక్కడి నుంచో వచ్చి, వేలాడదీసిన మాంసం దొంగిలించిన పసుపురంగు ఊరకుక్కను అతడు మొదట అసహ్యించుకుంటాడు. తమ్ముణ్ణి ఎలుగుబంటి నుంచి, తనను అడవి పందుల నుంచి కాపాడాక ప్రాణంగా చూసుకుంటాడు. ఆ వేషం వేసిన స్పైక్ అనే కుక్కను కూడా జంతు శరణాలయం నుంచే తెచ్చుకుని, ఫ్రాంక్ వెదర్‌వాక్స్ తర్ఫీదు ఇచ్చాడు. పిచ్చిపట్టిన తోడేలుతో పోరాడి ఇంటివాళ్లను కాపాడిన కుక్కకు ఆ జబ్బే అంటుకుంటుంది. చివరికి ట్రావిసే దాన్ని తుపాకీతో కాల్చవలసి వస్తుంది.

తెలుగు పాఠకుడికి టెక్సస్ పరాయి కావచ్చు గాని పిచ్చికుక్క పరాయి కాదు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్ల భయం మొన్నమొన్నటి తరం వరకూ ప్రతి ఊళ్లోనూ ఉండేది. గొర్రెల మెదడు కణజాలంతో తయారైన ఆ పాత టీకా స్థానంలో ఇప్పుడు చేతి కండకు వేసే టీకాలు వచ్చాయి. ట్రావిస్ కథ జరిగిన కాలానికి ఈ జబ్బుకు ఏ టీకా లేదు. పాశ్చర్ తన రేబిస్ టీకాను మొదటిసారి ఒక పిల్లవాడికి వేసింది 1885లో. అప్పటిదాకా పిచ్చికుక్క కాటుకు మందు అన్నదే లేదు. ట్రావిస్ తుపాకీ పట్టడం క్రూరత్వం కాదని, అతడికి ఇంకో దారి లేదని పిల్లలకు వివరించాలంటే ఈ చిన్న వైద్య చరిత్ర చెప్పక తప్పదు. సినిమా చూసిన సాయంత్రం చెప్పవలసిన మొదటి కబురు ఇదే.

నవలకూ సినిమాకూ మధ్య ఒక తేడా ఉంది. మొత్తం వాదనకు అదే కీలకం. నవలలో తోడేలుతో పోరాటం ముగియగానే, జబ్బు బయటపడక ముందే, కుక్కను కాల్చేస్తారు. సినిమాలో అలా కాదు. దాన్ని మొక్కజొన్న కొట్టులో బంధించి, జబ్బు వస్తుందో రాదో అని రోజుల తరబడి కనిపెట్టుకుని ఉంటారు. అంటే ఏం జరగవచ్చో ట్రావిస్‌కు ముందే తెలుసు. తెలిసినా ఆశ వదులుకోడు. కుక్క పళ్లు బయటపెట్టి గుర్రుమన్న రాత్రి, తల్లి తుపాకీ తెచ్చినప్పుడు, నా కుక్క కాబట్టి నేనే చేస్తానంటాడు. ముందు తెలియడం అతడి దుఃఖాన్ని ఒక్క వీసం కూడా తగ్గించలేదు. తల్లి పక్కన నిలబడి ఉంది, అంతే.

‘మార్లీ అండ్ మీ’లో రేబిస్ లేదు, తోడేలు లేదు. అల్లరి లాబ్రడార్ ముసలిదవుతుంది. కడుపు మెలిపడి, పశువైద్యుడి బల్ల మీద కన్నుమూస్తుంది. ఆ సినిమా ఒక వార్తాపత్రిక కాలమ్ నుంచి పుట్టిందని కాలమ్‌లు చదివేవారు గుర్తుంచుకోవాలి. జాన్ గ్రోగన్ తన కుక్క పోయాక ఫిలడెల్ఫియాలో తను పనిచేసే పత్రికలో దాన్ని గురించి రాశాడు. వందలాది మంది పాఠకులు తమ తమ కుక్కల కథలతో ఉత్తరాలు రాశారు. 2005లో అది పుస్తకమైంది. సినిమా పోస్టర్లూ ట్రైలర్లూ మాత్రం నవ్వుల కథగానే చూపించాయి. క్రిస్మస్ కానుక అనుకుని వెళ్లిన ఎన్నో కుటుంబాలు ఎర్రబడ్డ కళ్లతో బయటికొచ్చాయి. 2010లో ‘డజ్ ద డాగ్ డై’ అనే వెబ్‌సైట్ మొదలైంది. ఏ సినిమాలో కుక్క చనిపోతుందో ప్రేక్షకులకు ముందే చెప్పి హెచ్చరించడమే దాని పని. ఇంతవరకూ చూస్తే ఈ శీర్షిక పాత పట్టే నెగ్గినట్టు కనిపిస్తుంది.

జపాన్ దగ్గరికి వచ్చేసరికి ఆ పట్టు సడలుతుంది. ఉఎనో అనే ప్రొఫెసర్ 1925 మేలో హఠాత్తుగా మరణించాడు. ఆయన పెంచిన అకిటా జాతి కుక్క హచికో, 1935 మార్చిలో చనిపోయే దాకా షిబుయా స్టేషన్ దగ్గర యజమాని కోసం ఎదురుచూసింది. దాని కంచు విగ్రహాన్ని అది బతికుండగానే, 1934లో, అక్కడ నిలబెట్టారు. యుద్ధకాలంలో ఆ కంచును కరిగించేశారు. 1948లో మళ్లీ పోతపోసి పెట్టారు. ఈ కథ ముగింపు తెలియని జపాన్ పిల్లవాడు అరుదు. అయినా 1987 ఆగస్టులో, బడి సెలవుల నడుమ, పితృదేవతలు ఇళ్లకు తిరిగొస్తారని నమ్మే ఒబోన్ పండగ నెలలో, ‘హచికో మోనోగతారి’ విడుదలైతే జనం తండోపతండాలుగా వెళ్లారు. రిచర్డ్ గేర్ నటించిన అమెరికన్ రూపం ‘హచి’ కూడా 2009 ఆగస్టులో మొదట జపాన్‌లోనే విడుదలైంది. అందరికీ అన్నీ తెలుసు. అందరూ ఏడ్చారు. ముందే చెప్పడం కన్నీళ్లను ఆపదు. ఆపవలసిన అవసరమూ లేదు.

తెలుగువారికి ఇటువంటి అనుభవం 2022 జూన్ 10న, వేసవి సెలవుల అంచున, ‘777 చార్లీ’తో వచ్చింది. కిరణ్‌రాజ్ తీసిన ఈ కన్నడ చిత్రాన్ని తెలుగులో రానా దగ్గుబాటి సమర్పించారు. అప్పటి కర్ణాటక ముఖ్యమంత్రి బసవరాజ్ బొమ్మై సినిమా చూసి అందరి ముందే కన్నీరు పెట్టుకున్నారు. అంతకు ముందు ఏడాదే ఆయన పెంపుడు కుక్క చనిపోయింది. సినిమాలో ఒంటరివాడైన ధర్మ, జబ్బుపడిన తన కుక్క చార్లీని మంచు చూపించడానికి హిమాలయాల దాకా తీసుకెళతాడు. ఆ పేరూ ఆ ప్రయాణమూ మహాప్రస్థానంలో కుక్కను వదిలి స్వర్గానికి రానన్న ధర్మరాజును తలపించక మానవు. కాబట్టి ముగింపు గురించిన హెచ్చరిక తెలుగు ప్రేక్షకుడికి కథానాయకుడి పేరులోనే ఉంది. అయినా హాల్లో పెద్దలకు చేతిరుమాళ్లు తప్పలేదు. తండ్రి ఏడవగా చూడటం చాలామంది పిల్లలకు అదే మొదటిసారి అయి ఉంటుంది. మామూలుగా చావు ఇంట్లో పిల్లల్ని పక్కింటికి పంపించేస్తారు. సినిమా హాల్లో పంపించడానికి పక్కిల్లు లేదు.

ముందే చెప్పాలన్న పాత వాదనను ఈ శీర్షిక ఇక్కడ వదులుకుంటోంది. పిల్లలు అడిగితే నిజం చెప్పాలి. అడగకపోతే పెద్దలకు తెలిసి ఉంటే చాలు. ఈ సినిమాలు తీసినవారికి పిల్లల సంగతి బాగా తెలుసు. ‘ఓల్డ్ యెల్లర్’ చివర దాని కూన తండ్రి లాగే తిండి దొంగిలిస్తుంది, అప్పుడుగాని ట్రావిస్ దాన్ని దగ్గరకు తీయడు. చార్లీ కూడా ఒక కూనను ఇచ్చే పోతుంది. ‘హచి’లో మనవడి చేతిలో అదే పేరున్న కుక్కపిల్ల కనిపిస్తుంది. మిగిలిన పని ఇంటివాళ్లది. ఇటువంటి సినిమాకు సెకండ్ షో టికెట్ కొనకూడదు. ఏడ్చిన పిల్లవాడు నేరుగా పక్క మీదికి చేరితే మాట్లాడే వ్యవధి ఉండదు. మ్యాట్నీకి వెళ్లాలి. బయటికొచ్చేసరికి ఇంకా వెలుతురు ఉంటుంది, టిఫిన్ తినడానికి ఎక్కడైనా కూర్చోవచ్చు, ట్రావిస్ అలా ఎందుకు చేశాడని పిల్లవాడు నాలుగోసారి అడిగినా జవాబు చెప్పడానికి ఒక సాయంత్రమంతా చేతిలో ఉంటుంది.