వదిలేయడం తెలిసిన లెక్క

ఇంజిన్ సిలిండర్‌లో ఇంధనం ఎలా కాలుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం నా ఉద్యోగం. మా రంగం పద్ధతి ఒకటి నక్షత్రాల దాకా వెళ్లిందని తెలిసినప్పటి నుంచి, మ్యూనిక్ పక్కనున్న గార్షింగ్ ఊరంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

అక్కడి మాక్స్ ప్లాంక్ ఖగోళ భౌతిక సంస్థలో వోల్ఫ్‌గాంగ్ హిల్లెబ్రాంట్ బృందం జంట తారల్లో జరిగే పేలుళ్లను లెక్కగట్టింది. ఆ జంటలో ఒకటి వైట్ డ్వార్ఫ్. అంటే ఇంధనం అయిపోయి, సూర్యుడంత బరువుతో భూమంత సైజుకు కుంచించుకుపోయిన తార. అది పక్క తార నుంచి పదార్థం లాక్కునో, ఇంకో వైట్ డ్వార్ఫ్‌తో కలిసిపోయో అంటుకుంటుంది.

కష్టమంతా మంట దగ్గరే. తార వెడల్పు వేల కిలోమీటర్లు. దాని నడుమ మంట మందం మిల్లీమీటరు కూడా ఉండదు. రెంటినీ ఒకే గ్రిడ్‌లో పట్టగల కంప్యూటర్ లేదు. అందుకని వాళ్లు దహన ఇంజనీర్ల దారి పట్టారు. మంట లోపల జరిగేది లెక్కించడం మానేసి, కాలినదానికీ కాలనిదానికీ మధ్య జరిగే పలుచని హద్దుగా దాన్ని తీసుకున్నారు. ఆ హద్దు ఎంత వేగంగా జరగాలో వాయువులోని సుడులను బట్టి విడిగా లెక్కగట్టారు. దేన్ని వదిలేయాలో తెలియడమే ఈ పనిలో అసలు నేర్పని నా నమ్మకం. వదిలేసింది ఫలితంలో ఎక్కడ తేలుతుందో ఎరక్కపోతే చేతిలో మిగిలేది రంగురంగుల వీడియో మాత్రమే.

2010లో అదే సంస్థలోని రూడిగర్ పక్మోర్ బృందం నేచర్ పత్రికలో ఒక లెక్క ప్రచురించింది. సూర్యుడిలో 0.9 వంతు బరువున్న రెండు వైట్ డ్వార్ఫ్‌లు కలిసిపోతే మామూలు కన్నా మసకైన పేలుడు వస్తుందని అందులో చూపారు. మరుసటి ఏడాది ఆగస్టులో అసలు పరీక్షే ఎదురైంది. మనం పెళ్లిలో చూపించే అరుంధతికి దగ్గర్లో కనిపించే ఎం101 గెలాక్సీలో, సుమారు 2.1 కోట్ల కాంతి సంవత్సరాల అవతల, ఒక తార పేలింది. దాని పేరు ఎస్ఎన్ 2011ఎఫ్ఈ.

ఫ్రీడ్రిష్ రోప్కే బృందం 2012లో రెండు నమూనాలను దాని పక్కన పెట్టి చూసింది. ఒకటి, సూర్యుడికి 1.4 రెట్ల బరువుకు చేరువై పేలిన వైట్ డ్వార్ఫ్. రెండోది, రెండు వైట్ డ్వార్ఫ్‌ల కలయిక. బాగా వెలిగిన రోజుల్లో రెండూ దాదాపు సమానంగా సరిపోయాయి. కలయిక వైపు కొంచెం మొగ్గు ఉందేమో గానీ, తేల్చి చెప్పేంత కాదు. ఎవరిదో ఒకరి నమూనా గెలిచిందని ప్రకటించుకోకుండా, ఉన్నది ఉన్నట్టు రాశారు. నేను ఎంతో గౌరవించే పేపర్ అది. తేడా తెలియాలంటే, పేలుడు మసకబారి ఏళ్లు గడిచాక ఇనుము-55 ఎంత మిగిలిందో దాని వెలుగులో వెతకమని కూడా అందులోనే చెప్పారు.