గ్రామ చరిత్ర రచన – కథకుని స్థానం: పశ్చిమ ప్రకాశం ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

గ్రామ చరిత్ర అనగానే స్థలపురాణం, రాజవంశాల వరుస, దేవాలయ విశేషాలు గుర్తుకు వస్తాయి. ఊరివారు ఎట్లా బతికారు, తమ ఊరిని గురించి తాము ఏం చెప్పుకున్నారు అన్న ప్రశ్నలు వెనుకబడిపోతాయి. రాజుల చరిత్ర నుంచి ప్రజల చరిత్రవైపు తెలుగు పాఠకుల దృష్టిని మళ్ళించిన గ్రంథాలలో సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ ముఖ్యమైనది. ఆ దృష్టి గ్రామస్థాయికి చేరాలంటే రచయిత ఏ పద్ధతిని పాటించాలో మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

ఈ ప్రాంత పరిశోధకునికి మొదటి చిక్కు ఆధారాలు ఒకచోట లేకపోవడం. మార్కాపురం, కంభం తాలూకాలు 1858లో కడప జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి వచ్చాయి. 1970 ఫిబ్రవరి 2న ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరాయి. 1972లో ఆ జిల్లా ప్రకాశం అయింది. ఊరు కదలలేదు గాని దాని కాగితాలు మూడు జిల్లాల మధ్య చెదిరిపోయాయి. అందువల్ల ఊరి నోటిమాటకు ఇక్కడ అదనపు విలువ ఏర్పడింది. దానిని ఎట్లా వాడుకోవాలన్నది రెండో చిక్కు.

కైఫీయతులు – బలం, పరిమితి

నోటిమాటను, గ్రామ లెక్కలను ఒకచోట చేర్చే ప్రయత్నం తెలుగునాట కొత్తది కాదు. కాలిన్ మెకంజీ (1754–1821) కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులూ వారి సహాయకులూ సేకరించిన కైఫీయతులు ఇందుకు నిదర్శనం. కరణాల దగ్గరి కవిలెలు, శాసన పాఠాలు, మాన్యాల వివరాలు, ఊరి పుట్టుక కథలు వీటిలో పక్కపక్కనే కనిపిస్తాయి. సి.పి. బ్రౌన్ వీటికి నకళ్ళు రాయించాడు. పురాణం కలిసిందన్న కారణంతో కైఫీయతులను తక్కువగా చూడడం ఉంది. అయితే కథ, శాసనం, లెక్క పక్కపక్కన ఉన్నచోట దేనిని ఎంతవరకు నమ్మాలో పాఠకుడు విడదీసి చూసుకోగలడు. అన్నింటినీ కలిపి ఒకే కథనంగా సాపు చేసిన రచనలో ఆ వీలు ఉండదు.

కైఫీయతుల అసలు లోపం వేరు. వాటికి సమాచారం ఇచ్చినవారు ప్రధానంగా కరణాలు. అందువల్ల మాన్యం పొందినవారి పేర్లు దొరికినంతగా ఆ పొలం దున్నినవారి పేర్లు దొరకవు. కథకుడు మారితే ఊరి చరిత్ర కూడా మారుతుంది.

కంభం చెరువు – ఒక రాణి, రెండు కథలు

కథకుని బట్టి చరిత్ర మారడానికి కంభం చెరువు మంచి ఉదాహరణ. కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన ఈ చెరువును 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి పారుదల సంఘం వారసత్వ నిర్మాణంగా గుర్తించింది. దీనిని శ్రీకృష్ణదేవరాయల భార్య, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని స్థానికుల నమ్మకం. సాహిత్య సంప్రదాయంలో మరో కథ ఉంది. రాయల ఆదరణకు దూరమైన గజపతి పుత్రిక తుక్కాదేవి కంభంలో ఒంటరిగా గడిపి ‘తుక్కాపంచకం’ అనే ఐదు సంస్కృత శ్లోకాలు చెప్పిందని అంటారు.

ఈ రెండింటినీ కలిపి ‘భర్త విడిచిన రాణి చెరువు కట్టించింది’ అని రాయడం సులభం. అలా రాస్తే రెండు ఆధారాలూ చెడిపోతాయి. చెరువు నీటితో పంట పండించుకున్నవారు ఆమెను దాతగా గుర్తుంచుకున్నారు. కావ్యం చదువుకున్నవారు విరహిణిగా గుర్తుంచుకున్నారు. చెరువు ఎవరు కట్టించారన్న దానికి ఈ కథలు మాత్రమే రుజువు కావు. ఏ సమాజం ఎవరిని ఎందుకు తలచుకుంటుందో చెప్పడానికి మాత్రం రెండూ గట్టి సాక్ష్యాలు. కట్ట మోసిన కూలీలు, తూము తెరిచి వంతులవారీగా నీరు వదిలిన నీరుగంటి ఈ రెండు కథల్లోనూ లేరు. మార్కాపురం పలకల మీద ఎందరో పిల్లలు అక్షరాలు దిద్దుకున్నారు. రాతిని తవ్వి, పొరలు తీసి, పలకలుగా కోసినవారికి స్థలపురాణంలో చోటుండదు. ఈ ఖాళీని నింపవలసింది ఇప్పటి రచయితే.

చందవరం – నమోదు విలువ

కంభం చెరువు దాటి గుండ్లకమ్మ వెంట దిగువకు వెళితే దొనకొండ మండలంలోని చందవరం వస్తుంది. ఈ చిన్న ఊరిలో 1970వ దశకంలో జరిగిన తవ్వకాలలో బౌద్ధ స్తూపం, శిల్పాలు బయటపడ్డాయి. అక్కడి సున్నపురాతి ఫలకం ఒకటి దొంగల పాలై, చేతులు మారి, 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలకు చేరింది. అది చందవరానిదని పూర్వపు ఆధారాలతో తేలాక 2016లో భారతదేశానికి తిరిగివచ్చింది. దొరికినప్పుడే నమోదు కాకపోతే ఆ రాయి ఏ ఊరిదో చెప్పేవారుండరు. ఊరి సంపదను కాపాడడంలో నమోదు పాత్ర ఎంతటిదో ఈ ఉదంతం చూపుతుంది. అయితే రాయి దేశానికి వచ్చినంతమాత్రాన దాని చరిత్ర చందవరం బడిపిల్లలకు చేరదు. చేరవేయడం వేరే పని. పరిశోధన గ్రంథాలయంలో ఆగిపోతే ఆ పని జరగదు.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, శాసనం, కాగితం, నోటిమాట – ఈ మూడింటినీ కలపకుండా దేనికది చూపాలి. రెండు, చెప్పినవారు ఏ వృత్తికి, ఏ వాడకు చెందినవారో, ఎప్పుడు చెప్పారో నమోదు చేయాలి. వారు కోరితే పేరు విడిచిపెట్టవచ్చు గాని వారి స్థానాన్ని దాచకూడదు. మూడు, రాసిన ప్రతిని అచ్చుకు ముందే ఊరిలో చదివి వినిపించాలి. అక్కడ వచ్చిన అభ్యంతరాలను కూడా చరిత్రలో భాగంగా చేర్చాలి.

ఇలా చేస్తే కథనం ఒద్దిక లేకుండా పోతుందన్న ఆక్షేపణ రావచ్చు. గుడిలో మొదటి మర్యాద, చెరువు నీటి వంతు, శ్మశాన భూమి వంటి నేటి హక్కులు ఊరి పుట్టుక కథలతో ముడిపడి ఉంటాయి. అలాంటిచోట ఒద్దికైన ఒకే కథ రాయడమంటే తెలియకుండానే ఒక పక్షం వహించడం. భేదాలను ఉన్నవి ఉన్నట్టు నిలిపిన రచనలోనే ఊరంతా తనను తాను చూసుకోగలుగుతుంది.