కురి, బకరా, దాచిన కెమెరా

బెళ్ళందూరులో రెండు తెలుగులు వినిపిస్తాయి. ఊరి పాత ఇళ్ళలో కన్నడంతో కలిసి బతికిన తెలుగు ఒకటి, రింగు రోడ్డు ఆఫీసుల కోసం మాలాగా వచ్చినవాళ్ళది ఇంకొకటి. ఎవరైనా ఆట పట్టించి నవ్వితే పాత ఇళ్ళవాళ్ళు "నన్ను కురి చేస్తిరా?" అంటారు. మేమేమో "బకరాని చేశారు" అంటాం. గొర్రె అక్కడిది, మేక ఇక్కడిది. ఈ రెండు మాటలకీ జోరు తెచ్చింది టీవీ.

ఉదయ టీవీలో 'కురిగళు సార్ కురిగళు' అని దాచిన కెమెరా కార్యక్రమం వచ్చేది. దాన్ని నడిపిన ప్రతాప్‌కు 'కురి ప్రతాప్' అనే పేరే నిలిచిపోయింది. నిజానికి ఆ పేరు నిసార్ అహమద్ గారి కన్నడ కవితది. కవితలో గొర్రెలంటే ఆలోచించకుండా మంద వెంట నడిచే మనమందరం. టీవీకి వచ్చేసరికి గొర్రె అంటే రోడ్డు మీద దొరికిన ఒంటరి మనిషి. అందరి మీద వేసిన చురక ఒక్కడి మీద పడింది.

బకరా కథా ఇంతే. హిందీలో, దక్కనీలో మేకపోతు. సైరస్ బ్రోచా 'ఎంటీవీ బక్రా' దాన్ని కుర్రకారు నోట ఊతపదం చేసింది. మన 'దూకుడు' (2011)లో బ్రహ్మానందం పాత్రను లేని రియాలిటీ షోలో ఉన్నావని నమ్మిస్తారు. అక్కడ నేనూ నవ్వాను, ఎందుకంటే ఆ పాత్రకి డబ్బాశ ఉంది. బస్సు కోసం నిలబడ్డవాడు ఏం తప్పు చేశాడని?

మన పాత మాటలు చూడండి. టోపీ పెట్టాడు, బురిడీ కొట్టించాడు, చెవిలో పువ్వు పెట్టాడు. అన్నిట్లో పని చేసినవాడు కనిపిస్తాడు. "మోసపోయాడు" అన్నా అందులో మోసం అనే మాట మిగిలే ఉంది. "బకరా అయ్యాడు" అంటే మాత్రం చేసినవాడు మాయం, మేక మిగిలింది. నాకు ఈ షోలతో పేచీ అక్కడే.

ఒక మాట ఒప్పుకోవాలి. మాండలికాలు పోగుచేసే మనలాంటోళ్ళకి ఇలాంటి షోలు ఆశ పెడతాయి. బెంగళూరులో తెలుగాయన కన్నడంలో మొదలుపెడతాడు, కోపం ముదిరితే ఇంటి భాషలోకి దిగుతాడు. ఆ తెలుగు మన ముందు కూర్చోబెట్టి అడిగితే రాదు. ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు జనం ఎలా మాట్లాడతారో వినాలి, కానీ వినాలంటే మనం అక్కడ ఉండాలి. విలియం లబోవ్ ఈ చిక్కుకి 'పరిశీలకుడి వైరుధ్యం' అని పేరు పెట్టాడు. న్యూయార్కు ఇంటర్వ్యూల్లో ఆయన టేప్ రికార్డరు ఎదురుగానే పెట్టి, ఎప్పుడైనా ప్రాణం పోతుందనిపించిందా అని అడిగేవాడు. కథ చెప్తూ చెప్తూ మనిషి రికార్డరును మరిచేవాడు, అసలు భాష బయటికొచ్చేది.

కెమెరా దాచక్కర్లేదు, మంచి ప్రశ్న చాలు. దాచి తీసుకున్న మాటలో యాస ఉంటుంది, ఆ మనిషి ఇష్టం ఉండదు. అలాంటి రికార్డింగులు మన సేకరణలోకి వద్దని నా మాట.

మీ వైపు మోసపోయినవాణ్ణి ఏమంటారు? మీ పెద్దవాళ్ళని అడిగి రాయండి. అడిగే ముందు, రాసుకుంటున్నామని వాళ్ళకి చెప్పండి.