మునకకు చోటు

సముద్రం లేని ఊళ్ళోనూ స్కూబా క్లబ్బు పుడుతుంది. 1953లో లండన్‌లో ఆస్కార్ గుగెన్, పీటర్ స్మాల్ మొదలుపెట్టిన బ్రిటిష్ సబ్ ఆక్వా క్లబ్బు సభ్యులు తొలి పాఠాలు నేర్చుకున్నది ఈతకొలనుల్లోనే. అంతకు పదేళ్ళ ముందు, 1943లో, ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యాన్ ఆక్వాలంగ్ తయారుచేశారు. మనిషి ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సరిపోయే ఒత్తిడితో గాలి అందించే కవాటం అందులో కీలకం. అది వచ్చాక పైనుంచి గొట్టంతో గాలి కొట్టే మనుషులూ, తలకు ఇత్తడి బుర్రా అక్కర్లేకపోయాయి. వీపున సిలిండరు, పక్కన తోడు ఉంటే చాలు. తోడు లేకుండా దిగకూడదన్నది ఈ విద్యలో మొదటి కట్టుబాట్లలో ఒకటి. క్లబ్బులు పుట్టడానికి ఆ తోడూ ఒక కారణం.

ఆ సిలిండరులో ఉండేది మామూలు గాలి. చెరువులో గాలింపు జరిగిన ప్రతిసారీ జిల్లా పేజీల్లో ‘ఆక్సిజన్ సిలిండర్లతో దిగిన గజ ఈతగాళ్ళు’ అని అచ్చవుతుంది. స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను ఆరు మీటర్ల లోతు దాటి పీలిస్తే అది విషంగా మారి మూర్ఛ తెప్పిస్తుంది. నీళ్ళలో మూర్ఛ అంటే చావే. 12 లీటర్ల సిలిండరును 200 బార్ల ఒత్తిడితో నింపితే 2,400 లీటర్ల గాలి పడుతుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి ఒడ్డున రెండు గంటలు వచ్చే ఆ గాలి పది మీటర్ల లోతున గంటకే అయిపోతుంది, ఇరవై మీటర్ల లోతున నలభై నిమిషాలకే. పైకి రావడానికి మిగుల్చుకోవలసినది తీసేస్తే ఇంకా తక్కువ. ఈ చిన్న లెక్క తెలియకుండా నీళ్ళలోకి దిగడానికి ఎవరికీ అర్హత లేదు.

క్లబ్బు పద్ధతిలో సిలిండర్లు నింపే కంప్రెసరు, పడవ ఉమ్మడి ఆస్తి. పాతవాళ్ళు కొత్తవాళ్ళకు జీతం తీసుకోకుండా నేర్పుతారు. దిగిన ప్రతిసారీ లోతెంత, ఎంతసేపు, చూపు ఎంతదూరం ఆనింది, అడుగున ఏముంది అన్నవి లాగ్‌బుక్కులో రాస్తారు. 1966లో అమెరికాలో మొదలైన పాడీ సంస్థ వేరే దారి పట్టింది: డబ్బు కట్టి కోర్సు చేసి కార్డు తీసుకోవడం. మన దేశంలో నడుస్తున్నది దాదాపుగా ఈ రెండో దారే. శిక్షణ నాణ్యతలో ఇది తక్కువదేమీ కాదు. అయితే పర్యాటకుడు ఒకసారి దిగి ఫోటో తీసుకుని వెళ్ళిపోతాడు. ఒకే నీటిలో ఏడాది పొడుగునా, ఏడాదికేడాది దిగేవాళ్ళు ఉన్నచోట మాత్రమే ఆ నీటి గుణం మనుషుల జ్ఞాపకంలో నిలుస్తుంది. మంచి చోటు దొరకడమంటే అదే.

తెలుగు తీరంలో అలాంటి చోట్లు వెతికే పని విశాఖ చుట్టుపక్కల మొదలైంది. నేవీలో పనిచేసి వచ్చిన డైవర్లు అక్కడ ఉండడం ఒక కారణం. రుషికొండ, మంగమారిపేట, విజయనగరం జిల్లా చింతపల్లి తీరాల్లో మునిగి ఉన్న రాళ్ళు, శ్రీకాకుళం జిల్లా బారువ దగ్గర పాత ఓడ శిథిలం ఇప్పుడు డైవర్లకు తెలిసిన చోట్లు. ఇలాంటి చోటు గురించి ముందు చెప్పగలిగేది జాలరి. వల ఎక్కడ చిక్కుకుని చిరుగుతుందో అక్కడ రాయి ఉంటుంది, రాయి ఉన్నచోట చేప ఉంటుంది. జాలరిని అడగకుండా పటాలు ముందేసుకుని వెతికేవాడికి సగం సముద్రం కనబడదు.

తెలుగువాళ్ళంతా డైవర్ల పనిని కళ్ళారా చూసింది మాత్రం నదిలో. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట పడవ మునిగింది. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం, విశాఖ నుంచి వచ్చిన డైవర్లు కలిసి అక్టోబరు 22న దాన్ని బయటికి లాగారు. బురద నీటిలో, వరద వడిలో అడుగుదాకా వెళ్ళి తాళ్ళు బిగించడమే అందులో అన్నిటికన్నా కష్టమైన పని. ఆ నెలంతా టీవీల ముందు కూర్చున్నవాళ్ళకు నీటి అడుగున పని చేయడమంటే ఏమిటో తెలిసింది.

చోటును ఎంచడానికి తెలుగు నేల మీద పాత ఒరవడి ఒకటి ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన చెరువు అది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు ఆ శాసనంలో చెప్పారు. కట్టలోంచి నీరు కారడం, చవిటి నేల, నడుమ మిట్ట, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం ఆ దోషాల్లో కొన్ని. డైవర్లు అడిగే ప్రశ్నలూ ఈ తరహావే. దిగే దారి, ఎక్కే దారి ఎక్కడున్నాయి? అడుగు రాయా, బురదా? నీటిని ఎవరు, ఎప్పుడు వదులుతారు? ఆస్పత్రి ఎంత దూరం? ఆ నీటి మీద అధికారం ఎవరిది? చివరి ప్రశ్న దగ్గరే మన దగ్గర సగం ఆలోచనలు ఆగిపోతాయి.

ఇక సముద్రం లేని అనంతపురాన్ని ఈ ప్రశ్నలతో చూద్దాం. పడమటి కనుమల వానచాటున ఉన్న ఈ పీఠభూమిలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల వాన. ఊరి పేరే అనంతసాగరం అనే చెరువు నుంచి వచ్చిందని చెబుతారు. బుక్కరాయసముద్రం, బుక్కపట్నం, శింగనమల, ధర్మవరం చెరువులు పెద్దవే. పెన్నహోబిలం, మిడ్ పెన్నార్, జీడిపల్లి జలాశయాల్లోకి తుంగభద్ర, కృష్ణ నీళ్ళు కాలువల మీద వస్తాయి. అయితే ఎర్రమట్టి కలిసిన ఈ నీటిలో చాచిన చెయ్యి కనబడదు. జలాశయాలు తాగునీటి మూలాలు కూడా. వాటిలో వినోదానికి దిగడం తగదు. చెరువు ఇంకా ప్రమాదం. ఏళ్ళ తరబడి ఎండిన చెరువులో సర్కారు తుమ్మ అడవిలా పెరుగుతుంది. ఇటుకలకు, రోడ్లకు మట్టి తవ్విన గుంతలు మిగులుతాయి. ఒక్క వానకు అవన్నీ నీటి కింద దాగిపోతాయి. మోకాళ్ళ లోతులో నడిచే పిల్లవాడు తరువాతి అడుగులో నిలువు లోతు గుంతలో పడతాడు. పైకి రాబోతే తుమ్మ ముళ్ళు బట్టను పట్టుకుంటాయి.

ఈ సీమలో మునక అంటే ఒకప్పుడు బావి. 1990లకు ముందు పెరిగినవాళ్ళలో ఈత వచ్చినవాళ్ళు దాదాపుగా అందరూ ఎద్దులతో నీళ్ళు తోడే కపిల బావుల్లో నేర్చినవాళ్ళే. ఎండిన సొరబుర్రను నడుముకు కట్టి, పైన తాడు పట్టుకుని అన్నో మేనమామో బావిలోకి దించేవాడు. కాళ్ళు చేతులు కుదిరాక బుర్ర విప్పేసేవారు. ఆ తరువాత మెట్ల మీద నుంచి, ఇంకా తరువాత కపిల తోలే గట్టు మీద నుంచి దూకడం. అడుగుదాకా పోయి గుప్పెడు మట్టి తెచ్చి పిడికిలి విప్పి చూపించినవాడికి పెద్దపిల్లల వరసలో చోటు దొరికేది. నలభై, యాభై అడుగుల బావిలో అది చిన్న పని కాదు. చెవులు నొప్పి పుడతాయి. గుటక మింగుతూ పోవాలని ఎవరో ఒకరు చెప్పి ఉంటారు. కింద చలి, చీకటి. జల ఊరే పక్క నీళ్ళు ఇంకా చల్లగా తగులుతాయి, దాన్ని బట్టి దిక్కు తెలుస్తుంది.

ఈ పిల్లలు పెద్దయ్యాక ఊరికి పనికొచ్చారు. బావిలో పడిన బిందెలు, గొలుసులు తీసింది వాళ్ళే. మోటారు నీళ్ళు లాగకపోతే మునిగి ఫుట్‌వాల్వుకు పట్టిన చెత్త తీసి వచ్చేవాళ్ళు. ప్రాణం పోయిన మనిషిని పైకి తెచ్చే బాధ్యతా వాళ్ళ మీదే పడేది. ఆ రోజు వాళ్ళు అన్నం ముట్టేవాళ్ళు కాదు. ఏ బావిలో ఎటు పక్క బండ పొడుచుకు వచ్చిందో, ఏ నెలలో ఎన్ని మెట్లు మునుగుతాయో, ఏ బావిలో అసలు దిగరాదో వాళ్ళకు తెలుసు. పూడిక తీయడానికి దిగేముందు దీపం దించి చూసే అలవాటూ ఉండేది. దీపం ఆరితే అక్కడ ఊపిరికి పనికివచ్చే గాలి లేనట్టు. లాగ్‌బుక్కు ఒక్కటే తక్కువ. మిగతా అన్ని విధాలా అది డైవింగ్ క్లబ్బే.

బోర్లు వచ్చాయి. వందల అడుగుల కింద నుంచి నీరు తోడడం మొదలయ్యాక బావులు వరసగా ఎండిపోయి చెత్తకుప్పలయ్యాయి. బావితో పాటు ఈతా పోయింది. కరువు తెచ్చిన కొరతల్లో ఈత రాని తరం ఒకటి. 2021 నవంబరు, 2022 అక్టోబరు మాసాల్లో లాగా వాన విరగబడి కురిసి చెరువులు మరువ పారినప్పుడు ఆ తరం ఒడ్డున నిలబడి ఉంటుంది. సెలవు రోజు నలుగురు కలిసి నీళ్ళలోకి దిగుతారు. తరువాతి వార్త అందరూ చదివిందే.

నీళ్ళు నిండిన పాత గనిని డైవింగ్ చోటుగా మార్చిన ఉదాహరణలు బయట ఉన్నాయి. ఇంగ్లండ్‌లో లెస్టర్‌షైర్‌లోని స్టోనీ కోవ్ ఒకప్పటి గ్రానైట్ గని. 1958లో రాయి తీయడం ఆపాక ఊటనీటితో నిండింది. రాయి తీసిన మెట్లే ఆరేడు మీటర్లకు ఒకటి, ఇరవై పైచిలుకు మీటర్లకు ఒకటి అరుగుల్లా మిగిలాయి. అన్నిటికన్నా లోతు 35 మీటర్ల దాకా ఉంటుంది. కొత్తవాళ్ళు మొదటి అరుగు మీద, అనుభవజ్ఞులు కింద. సముద్రానికి ఎంతో దూరంలో ఉన్నా ఆ దేశంలో వేలమంది డైవర్లు తయారైంది అక్కడే. తాడిపత్రి చుట్టూ నాపరాయి తీసి వదిలేసిన గుంతలున్నాయి. గుత్తి కోట లోపల కొండమీది బావులున్నాయి. వాటిని చూస్తే అనంతపురానికీ ఒక స్టోనీ కోవ్ సాధ్యమేననిపిస్తుంది.

సాధ్యం కాదు. తాడిపత్రి గుంతల అంచులు నిలువునా తెగి ఉంటాయి. గాయపడ్డ మనిషిని పైకి చేర్చే దారి ఉండదు. బావి పరిస్థితి ఇంకా కష్టం. ఇద్దరు డైవర్లు ఒకసారి కాలు కదిపితే అడుగు బురద లేచి ఒకరికొకరు కనబడరు. నీటి మట్టం ఎక్కుతూ దిగుతూ ఉంటే ఒడ్డు రాళ్ళు వదులవుతాయి. అన్నిటికీ మించి, నీళ్ళు బాగా కిందికి దిగిన బావిలో నీటి మీద ఉండే గాలి నమ్మదగినది కాదు. పైకి తేలి నోట్లోంచి గొట్టం తీసిన డైవరుకు ఆ గాలే దిక్కు. పాతకాలం ఈతగాళ్ళు దీపంతో కనిపెట్టిన ప్రమాదాన్ని సిలిండరు కట్టుకున్నవాడు మరిచిపోతాడు.

మరో సంగతి ఎత్తు. ఎంత లోతున ఎంతసేపు ఉండవచ్చో చెప్పే డైవింగ్ పట్టికలు సముద్రమట్టానికి లెక్క కట్టినవి. 300 మీటర్లు దాటిన చోట దిగితే ప్రత్యేక జాగ్రత్తలు కావాలంటారు. అనంతపురం ఊరు సుమారు 335 మీటర్ల ఎత్తున ఉంది. హిందూపురం, మడకశిర 600 దాటుతాయి. అనంతపురంలోనే గాలి ఒత్తిడి సముద్రతీరం కన్నా సుమారు నాలుగు శాతం తక్కువ. లోతు నుంచి అంత తక్కువ ఒత్తిడిలోకి వచ్చేటప్పుడు ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలు కట్టే ముప్పు పెరుగుతుంది. మంచినీళ్ళు ఉప్పునీళ్ళ కన్నా పలచన కాబట్టి నడుముకు కట్టే సీసమూ తగ్గించాలి. అంటే ఈ పీఠభూమిలో చాలాచోట్ల బావిలో దిగితే అది ఎత్తు ప్రాంతపు మునకే, కొత్తవాడి పని కాదు.

కాబట్టి అనంతపురం డైవరుకు మునక సముద్రంలోనే. మురుడేశ్వరం నుంచి సుమారు 19 కిలోమీటర్లు పడవలో పోతే నేత్రాణి దీవి వస్తుంది. నైరుతి వానలు తగ్గాక అక్టోబరు నుంచి మే దాకా అక్కడ దిగుతారు. పుదుచ్చేరి, రుషికొండ మరో రెండు దారులు. తిరుగు ప్రయాణం మీదే ఎక్కువ శ్రద్ధ కావాలి. ఒక మునక తరువాత 12 గంటలు, వరుసగా దిగిన తరువాత 18 గంటలు ఆగాకే విమానం ఎక్కాలన్న సూచన 2,000 అడుగులు దాటిన ఎత్తుకు రోడ్డు మీద వెళ్ళినా వర్తిస్తుంది. బెంగళూరు 920 మీటర్ల మీద, అంటే 3,000 అడుగుల మీద ఉంది. పుదుచ్చేరిలో మధ్యాహ్నం దిగి ఆ రాత్రే బెంగళూరు మీదుగా ఇంటికి బస్సెక్కడం తప్పు. ఒక రాత్రి తీరంలోనే పడుకోవాలి.

మరి స్థానికంగా క్లబ్బుకు పనేమిటి? నీళ్ళు లేనప్పుడు చేసే పని. సముద్రతీర క్లబ్బులకు దొరకని అవకాశం ఈ సీమకు ఉంది: అడుగు ఎండి బయటపడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో చెరువులో నడిచి తూము ఎక్కడుంది, మట్టి గుంతలు కట్టకు ఎంత దూరం, ఒక్కొక్కటి ఎంత లోతు, తుమ్మ ఎటువైపు దట్టంగా ఉంది అన్నవి కొలిచి పటం గీయవచ్చు. కట్ట మీది రాళ్ళకు అంకెలు వేస్తే, నీళ్ళు నిండాక ఏ రాయి ఎదుట ఎంత దూరంలో గుంత ఉందో చెప్పడం సులువు. పటం ఒకటి పంచాయతీలో, ఒకటి అగ్నిమాపక కేంద్రంలో, ఒకటి బడిలో ఉండాలి. గాలింపుకు వచ్చే డైవర్లకు అది గంటలు మిగులుస్తుంది; అది చదివిన పిల్లలు ఆ గుంతవైపు పోరు. మిగిలిన నెలలు ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పడానికి సరిపోతాయి. దానికి కంప్రెసరు అక్కర్లేదు, సిలిండరు అక్కర్లేదు; బావిలో నేర్చినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఇంకా ఉన్నారు, యాభై దాటిన వయసులో.